సరంగు ఆటకు ప్యాకప్ చెప్పిన రోజు

పోర్ట్ బ్లెయిర్‌లో టెలివిజన్ కార్యక్రమాలు తీస్తూనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. ఈమధ్య కొత్తగా ఈ పనిలో చేరిన పిల్లలు కొందరు డాలీగంజ్‌లో మా ఇంటికి వచ్చారు. నాటకాన్ని తెర మీదికి ఎలా తేవాలో రాసిపెట్టమన్నారు. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చినంతగా చదవటం రాదని తెలుసు. అందుకని తేలికగానే రాస్తాను. ప్రమోషన్లు, ఫైళ్ళ సంగతి రాయను. అవి మీకూ వస్తాయి, మీకూ విసుగు పుట్టిస్తాయి.

ఒక్క తప్పు గురించి రాస్తాను. నేను చేసినదే.

నాకు తెలుసనుకున్న ఆట

వండూరు దగ్గర మన చేపల వాళ్ళ పేట ఒకటి ఉంది. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళు ఏడాదికోసారి ఇసుకలో పందిరి వేసి సరంగు ఆట ఆడతారు. మొత్తం పాటలే, మాటలు తక్కువ. సరంగు అంటే పడవ నడిపించే పెద్ద. కథలో అతను వేటకెళ్ళి తిరిగి రాడు. ఊరంతా పోయాడనుకుంటుంది. పెద్దలు వచ్చి అతని భార్య మంగి బొట్టు చెరిపిస్తారు. ఆమె ఒక పాట పాడుతుంది. తర్వాత సరంగు తిరిగొచ్చి, తలుపు దగ్గర నిలబడి ఇంకో పాట పాడి, మళ్ళీ బొట్టు పెడతాడు. మంగళం. అంతే కథ.

ఈ ఆట మా వాళ్ళకు ప్రాణం. చౌల్దారీ నుంచి కూడా లారీల మీద వచ్చి చూస్తారు. మా నాన్నది ఆ పేటే. ఆఫీసులో ప్యూను ఉద్యోగం వచ్చాక డాలీగంజ్‌కి మారాడు. నన్ను ప్రతి ఏడూ తీసుకెళ్ళేవాడు. ఆటలో మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు అని రెండు వైపులుంటాయి, మధ్యలో పాత వల ఒకటి కడతారు. నేను నాన్న ఒళ్ళో కూర్చుని స్టేజీ కేసి చూసేవాణ్ణి. పాటలన్నీ నోటికి వచ్చేశాయి. సరంగు ఆట గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. అన్నీ తెలిసినవాడు అమావాస్య నాడు చచ్చాడని మా అమ్మ ఊరికే అనేది కాదు.

వల అవతల ఏం జరుగుతుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీరు కూడా ఇలాగే చూడకుండా వదిలేసేది ఏదో ఒకటి ఉంటుంది.

యాభై నిమిషాలు

మా కేంద్రానికి అప్పట్లో ఢిల్లీ నుంచి వచ్చిన డైరెక్టర్ ఉండేవాడు. చెడ్డవాడు కాదు. గడియారం మనిషి. ద్వీపాల కళల మీద కార్యక్రమాలు కావాలని పైనుంచి ఉత్తరం వస్తే నేను సరంగు ఆట పేరు చెప్పాను. నాలుగ్గంటల ఆటను యాభై నిమిషాలకు కుదించమన్నాడు. బొట్టు చెరిపే పాట అయ్యాక బ్రేక్ వేద్దాం, జనం టీవీ ముందునుంచి లేవరు అన్నాడు. మంచి ఆలోచనే అనిపించింది. సరే సార్ అన్నాను.

కుదించటం నాకు కొత్త కాదు. నాటకంలో మూడుసార్లు పాడే పల్లవి తెర మీద ఒకసారి చాలు. స్టేజీ మీద చెయ్యి ఎత్తితే వెనక వరుసకు కనిపించాలి, కెమెరాకు కనురెప్ప ఎత్తితే చాలు. ఇవన్నీ మీరు కూడా రెండు నెలల్లో నేర్చుకుంటారు. నేర్చుకోవటం కష్టమైంది వేరే ఉంది. నాటకం వరసగా జరుగుతుంది, మనం దాన్ని ముక్కలుగా తీస్తాం. మనకు వీలైన ముక్క ముందు, వీలుకాని ముక్క తర్వాత. మన పనిలో ఇంతకంటే మామూలు విషయం లేదు. అదే నా కొంప ముంచింది.

సరంగు వేషం గురువులు అనే అతనిది. ఎత్తరి, మంచి గొంతు, ద్వీపాల మధ్య తిరిగే ఓడలో డెక్ మీద పని. మంగి వేషం నూకరత్నంది. పగలు చేపలు అమ్ముతుంది, ఆమె భర్త ఎర్రయ్యకు సొంత డోంగీ, అంటే ఇంజను పడవ ఉంది. మేం వెళ్ళిన వారమే గురువులుకి డిగ్లీపూర్ డ్యూటీ పడింది. మధ్యాహ్నానికి వదిలేస్తే ఓడ అందుకుంటాడు, మళ్ళీ ఎల్లుండికి గానీ రాడు. నేను చిటికెలో లెక్క వేసేశాను. అతను ఉన్న పాటలు ముందు. మంగి బొట్టు చెరిపే పాట సాయంత్రం, పసుపు వెలుగులో. తిరిగొచ్చే పాట ఎల్లుండి. ఆ కాగితం చూసి డైరెక్టర్ కూడా మెచ్చుకున్నాడు.

తాంబూలం

పొద్దున్నే ఇసుకలో స్టేజీ సిద్ధమైంది. జనం కూడా కావాలని పేట ఆడవాళ్ళందరినీ పిలిపించాను. ఆట మొదలయ్యే ముందు ఆడించేవాడు బృందానికి తాంబూలం ఇస్తాడు. ఆ ముక్క బాగుంటుందని, ఆ రోజుకి నేనే ఇచ్చాను. తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పళ్ళెంలో కొత్త తువ్వాలు. మా కెమెరామన్ తపన్ దాన్ని రెండు కోణాల్లో తీశాడు.

స్టేజీ వెనక సముద్రం కనిపించాలి. కానీ ఒడ్డు నిండా డోంగీలు అడ్డంగా ఉన్నాయి, రంగురంగుల డబ్బాలు, ఐసు పెట్టెలు. ఫ్రేము గజిబిజిగా ఉందన్నాడు తపన్. నేను వెళ్ళి, కాస్త ఈ పడవలన్నీ తీయించండి అని అడిగాను. ఎర్రయ్య నా కేసి ఒకసారి, నూకరత్నం కేసి ఒకసారి చూశాడు. తర్వాత సరే బాబూ, ఎలాగూ వేటకి పోవాలి, రేపు పొద్దున్నకి వచ్చేస్తాం అని మిగతా వాళ్ళను కేకేశాడు. మధ్యాహ్నానికల్లా ఒడ్డు ఖాళీ. ఫ్రేము శుభ్రంగా వచ్చింది. నేను చాలా సంతోషించాను.

సాయంత్రం నూకరత్నం బొట్టు చెరుపుకుని పాడింది. నేను నా బతుకులో తీసిన అన్ని షాట్లలో అదే గొప్పది. ఒక్క టేకులో అయిపోయింది. తపన్ కళ్ళు తుడుచుకున్నాడు, అతనికి తెలుగు ముక్క రాదు. నేను మానిటర్ లోంచి తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆడవాళ్ళు కనిపించేవారు.

ప్యాకప్ అన్నాను. అందరూ సర్దుతున్నారు. నూకరత్నం దగ్గరికి వచ్చి ఆట ఆపేసినారా బాబూ అని అడిగింది. ఎల్లుండి కంటిన్యూ అన్నాను. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మరి ఇదో?" అంది.

"అలాగే ఉంచు. ఎల్లుండి దాకా బొట్టు పెట్టుకోకు. కంటిన్యుటీ" అన్నాను.

ఈ మాటలు నేను అన్నాను. నా నోటితోనే అన్నాను. మా అసిస్టెంటు కుంకుమ భరిణెను కూడా సామాన్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు, ఎల్లుండి అదే కనపడాలి కదా. వ్యాన్ ఎక్కి ఇంటికి వెళ్ళిపోయాం. షూటింగ్ కోసం సైలెంట్‌లో పెట్టిన ఫోన్ అలాగే ఉండిపోయింది.

పొద్దున్న

మర్నాడు నాకు అక్కడ పని లేదు. ఖాళీ సముద్రం ముక్క ఒకటి కావాలని తపన్ అడిగితే, సరే పద అని ఏడింటికల్లా వండూరు చేరాం. వ్యాన్ దిగి ఇసుక మీదికి వచ్చి అక్కడే ఆగిపోయాను.

ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. నిన్న కూర్చున్న చోటే, పందిరి కిందే. కొంగు కనుబొమల దాకా లాక్కుని, దాని మీద అరచెయ్యి అదిమి పెట్టుకుని కూర్చున్నారు. కొందరు తువ్వాలుతో నుదురు కట్టేసుకున్నారు. చిన్న పిల్లలు ఒళ్ళో పడి నిద్రపోతున్నారు. ఒక బాలింత ఒక చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, ఒక చేత్తోనే బిడ్డకు పాలిస్తోంది. ముందు వరుసలో నూకరత్నం బోసి నుదురుతో, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుని ఉంది.

తపన్ నా భుజం తట్టి సముద్రం కేసి చూపించాడు. అలలు విరిగే చోటుకి అవతల డోంగీలన్నీ లంగరు వేసి వరసగా నిలబడి ఉన్నాయి. మనుషులు వాటిలోనే కూర్చుని ఒడ్డు కేసి చూస్తున్నారు. ఒక్క పడవా ఒడ్డుకు రావటం లేదు. గాలి అప్పటికే లేస్తోంది.

పోలమ్మ టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. గురువులు మేనత్త ఆవిడ, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. రాత్రంతా టీలు, నీళ్ళు అందించింది ఆవిడా, ఇంకో ఇద్దరు విధవలూ. రెండు చేతులూ ఖాళీగా ఉన్నది వాళ్ళకే. ఏం జరిగిందని అడిగాను.

ఆవిడ చెప్పింది ఇది. ఆటలో మంగి బొట్టు చెరిపినప్పుడు, చూసే ప్రతి ముత్తయిదువా తన బొట్టు కప్పేసుకుంటుంది. సరంగు తిరిగొచ్చి మంగికి బొట్టు పెట్టేదాకా చెయ్యి తీయదు. మామూలుగా పావుగంట. అప్పటిదాకా గడప తొక్కదు, మొగుడు ఆమె ముఖం చూడడు. అందుకే ఆట ఆడే రోజు ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగదు, అన్నీ ఒడ్డునే ఉంటాయి. తాతల కాలం నుంచి ఒక్క ఆట కూడా సగంలో ఆగలేదు. పడవలు తీయించమన్నది నేను. సగంలో ఆపింది నేను. ఎల్లుండి దాకా అలాగే ఉండమన్నదీ నేనే.

నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు మనోడివి గదా బాబూ, తెలిసే సేసినావనుకున్నాం. సీకటి పడ్డాక ఫోన్లు సేసినాం. నువ్వు ఎత్తనేదు" అంది.

జేబులోంచి ఫోన్ తీసి చూశాను. నిజమే. వరసగా మిస్డ్ కాల్స్.

పడవలు పక్కనున్న జెట్టీలో దిగవచ్చు కదా అని ఒక తెలివితక్కువ మాట అడిగాను. దిగి ఎక్కడికి పోతారు, ఇంటికే గదా అంది. మీ అందరికీ నేను క్షమాపణ చెప్తాను, లేచి ఇళ్ళకు వెళ్ళండి, బొట్లు పెట్టుకోండి, ఇది టీవీ కోసం ఆడింది, నిజం ఆట కాదు అన్నాను. ఒక్కరూ కదల్లేదు. నూకరత్నం మాత్రం తల ఎత్తింది.

"మా ఆయన అక్కడున్నాడు భయ్యా. నిజంగానే ఉన్నాడు" అంది.

ఆమె నన్ను అంతకుముందెప్పుడూ భయ్యా అనలేదు, బాబూ అనేది. మన వాళ్ళు కాని వాళ్ళనే పేటలో అలా హిందీలో పిలుస్తారు. ఆ పిలుపుతో నేను ఆ పేటకు పరాయివాణ్ణయిపోయాను. ఆ మాట తగిలినంతగా నన్నెవరైనా చెంపదెబ్బ కొట్టినా తగిలేది కాదు.

దించటం

గురువులుకి ఫోన్ చేశాను. ఓడ సముద్రం మధ్యలో ఉంది, సిగ్నల్ లేదు. రేపు సాయంత్రం గానీ రాడు. గాలి పెరుగుతోంది. చివరి డోంగీ అలకు పైకి లేచి పడుతుంటే లోపలి మనుషులు అంచు పట్టుకుని కూర్చోవటం కనిపిస్తోంది. రాత్రంతా వేటాడిన మనుషులు. వాళ్ళలో ఎవరికైనా ఏదైనా అయితే దానికి కారణం నా చక్కటి ఫ్రేము.

ఇప్పుడేం చెయ్యమంటావు అని పోలమ్మనే అడిగాను.

"తాంబూలం ఇచ్చినోడే ఆట దించాల. నువ్వే గదేటి ఇచ్చినావు. మా గురువులు లేపోతే ఇంకో మొగోడు పాడాల. పాట నీకు రాదేటి?"

ఒడ్డున ఉన్న మగవాళ్ళు ఇద్దరే. హార్మోనియం తాతా, డోలక్ వాయించే అతనూ. వాళ్ళు వాయించాలి. తపన్‌కి భాష రాదు. మిగిలింది నేను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, పొట్ట ఉంది, కళ్ళజోడు ఉంది, గొంతు లేదు. చిన్నప్పటి నుంచి పాటలన్నీ వచ్చు కానీ స్నానాల గదిలో తప్ప ఎక్కడా పాడలేదు.

వ్యాన్‌లో పెట్టె తెరిపించి భరిణె తెచ్చాను. పోలమ్మ నా తలకు తువ్వాలు చుట్టింది. నేనిచ్చిన తాంబూలంలోని కొత్త తువ్వాలే. సరంగు నీళ్ళ వైపు నుంచి రావాలి. ప్యాంటు మోకాళ్ళ దాకా తడుపుకుని సముద్రంలోకి వెళ్ళి, వెనక్కి తిరిగాను. అందరూ నన్నే చూస్తున్నారు. వెనక పడవల్లోంచి కూడా.

"తలుపు తియ్యవే మంగీ, తడిసి వచ్చినాను
ఒళ్ళంతా ఉప్పు మంగీ, ఉడుకునీళ్ళు తోడవే"

మొదటి పాదానికే శ్రుతి తప్పాను. తాత నా కోసం రెండుసార్లు శ్రుతి దించాడు. రెండో చరణంలో మాట మర్చిపోయి నిలబడిపోయాను. కొంగుల కిందనుంచి ఆడవాళ్ళు ఆ మాట అందించారు, ఒక్కసారిగా అందరూ. వాళ్ళు ఆ పాట ఎప్పుడూ పైకి పాడరని తర్వాత తెలిసింది. ఆ రోజు మిగతా చరణాలన్నీ వాళ్ళే నన్ను నడిపించారు. నూకరత్నం తలుపు తీసే అభినయం చేసింది. నేను భరిణె తెరిచి వేలితో బొట్టు పెట్టాను. వంకరగా వచ్చింది.

అప్పుడు చేతులన్నీ దిగాయి. రాత్రంతా చెమటకు కుంకుమ కరిగి, నుదుళ్ళ మీదా అరచేతుల్లోనూ ఎర్రగా అంటుకుపోయి ఉంది. ఎవరూ ఏడవలేదు. భరిణె చేతులు మారుతూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. సముద్రం మీద ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి.

మొదట దిగింది ఎర్రయ్య. పెళ్ళాన్ని చూశాడు, నన్ను చూశాడు. కోపం లేదు అతని ముఖంలో, అలసట ఉంది. షూటింగ్ ఖతమేనా బాబూ అన్నాడు. ఖతమే అన్నాను.

ఒకటి స్పష్టంగా చెప్తాను. బొట్టు కప్పుకోకపోతే మగవాడికి ఆపద వస్తుందని నేను నమ్మమనటం లేదు. నాకే తెలియదు. సముద్రంలోకి మనిషిని పంపి ఎదురుచూసేవాళ్ళు భయాన్ని ఏదో ఒక పద్ధతిలో పట్టుకోవాలి. ఆ పద్ధతిని నేను సగంలో తెంపేశాను. ఆటను తెర మీదికి తెచ్చే ముందు స్టేజీని వందసార్లు చూడండి, కానీ ఒకసారైనా అటు తిరిగి చూసేవాళ్ళను చూడండి. ఆట సగం అక్కడే జరుగుతుంది.

తెర మీద

నేను పాడేటప్పుడు కెమెరా సంగతి నాకు గుర్తు లేదు. తపన్‌కి ఉంది. అడక్కుండానే మొత్తం తీసేశాడు, ఎక్కువ భాగం ఆడవాళ్ళ మీదే. చూసినప్పుడు అతన్ని తిట్టాను. తర్వాత ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చూశాను.

గురువులు తిరిగొచ్చాడు. డైరెక్టర్ చివరి పాట అతనితో మళ్ళీ తీసుకురమ్మన్నాడు. పోలమ్మని అడిగాను. పెట్టిన బొట్టు మళ్ళీ పెట్టాలంటే ముందు చెరపాలి, చెరుపుతావేటి అంది. నేను వెనక్కి వచ్చేశాను. డైరెక్టర్ మండిపడ్డాడు. సగం దాకా ఒక హీరో, చివర్లో ఒక కళ్ళజోడు గుమాస్తానా అన్నాడు. స్టూడియోలో వేరే అమ్మాయిని పెట్టి చేతుల క్లోజప్ తీద్దామన్నాడు. నేను చెయ్యనన్నాను. ఉద్యోగంలో పైవాడికి నేను కుదరదని చెప్పింది ఆ ఒక్కసారే. ఎడిటింగ్ గదిలో కూర్చోబెట్టి తపన్ తీసింది చూపించాను. చేతులు దిగే చోటు ఆయన వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాడు. చివరికి "చల్నే దో", అలాగే పోనీ, అని లేచి వెళ్ళాడు. బ్రేక్ ఎక్కడ వెయ్యాలో కూడా నేనే మార్చాను. బొట్టు చెరపటానికీ పెట్టటానికీ మధ్య సబ్బుల ప్రకటన రాకూడదు.

ప్రసారమైన రోజు పేటకు వెళ్ళాను. అందరూ ఒక పెద్ద టీవీ ముందు చేరారు. నేను అడిగి ఆడవాళ్ళ వైపు, వెనక కూర్చున్నాను. చెరిపే పాట రాగానే చేతులన్నీ నుదుళ్ళ మీదికి వెళ్ళాయి. పట్టపగలు, టీవీ ముందు. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత తెర మీద నేను వచ్చాను. తడిసిన ప్యాంటు, జారిన కళ్ళజోడు, అపశ్రుతి. పిల్లలు పకపకా నవ్వారు. గురువులు కూడా నవ్వాడు. చేతులు దిగాయి.

అయిపోయాక నూకరత్నం దగ్గరికి వెళ్ళి, నీ ఆట పాడు చేశాను, వెళ్ళిన సరంగు ఒకడు, వచ్చినవాడు ఇంకొకడు, చూసేవాళ్ళు ఏమనుకుంటారో అన్నాను. ఆమె పక్కన కూర్చున్న ఎర్రయ్య కేసి చూసింది. తర్వాత నా కేసి తిరిగింది.

"సముద్రంలోకి ఎల్లినోడు ఏనాడైనా ఎల్లినట్టే తిరిగొస్తాడేటి బాబూ?"